భుజానికి నూటికెంత?

పరదాల బజారులో మొదట చెప్పే ధర అబద్ధం కాదు. అది పలకరింపు. అమ్మేవాడు ఆకాశంలో ఒక అంకె పెడతాడు, కొనేవాడు నేలమీద ఒక అంకె పెడతాడు. ఇద్దరూ నవ్వుకుంటూ నడిచి మధ్యలో ఎక్కడో కలుసుకుంటారు. ఆ నడకే వ్యాపారం. మొదటి మాటకే సరేనని చేతిలో పెట్టి పోయేవాణ్ణి చూసి అక్కడ ఎవరూ సంబరపడరు. కొన్నవాడి మీద జాలి, అమ్మినవాడికి దిగులు. ఇంకాస్త చెప్పి ఉండాల్సిందేమోనని ఆ రోజంతా మనసు పీకుతూనే ఉంటుంది.

ఆ బజారు నడిమధ్యన కొట్టు ఉన్న షావుకారును అందరూ రెండోమాట అని పిలిచేవారు. చాటున కాదు, ముఖానే. ఆయనా పలికేవాడు. ఆయన నోట మొదటి మాట ఏనాడూ నిజం రాలేదు, రెండో మాట ఏనాడూ తప్పలేదు. "రెండోసారి అన్నాడంటే రాతిమీద గీతే" అనేవాళ్లు ఇరుగుపొరుగు కొట్లవాళ్లు.

ఈ అలవాటు సరుకు దగ్గర ఆగి ఉంటే గొడవ లేకపోయేది. ఆకలేస్తోందా అంటే "పేగులు మాడిపోతున్నాయి" అనేవాడు, వడ్డిస్తే నాలుగు మెతుకులు కెలికి లేచేవాడు. ఒళ్లు వెచ్చబడితే "నా పని అయిపోయింది, అందరికీ కబురు పెట్టండి" అనేవాడు, కాసేపటికి కొట్లో కూర్చుని గొంతు చించుకుంటూ కనబడేవాడు. ఆయన భార్య ఆయన ప్రతి మాటనూ సగానికి మడిచి వాడుకునేది. అన్నేళ్ల కాపురంలో ఆ మడత ఎక్కడ పడాలో ఆమె వేళ్లకే తెలిసిపోయింది.

కొట్టు సన్నగా, లోపలికి పొడుగ్గా, సొరంగంలా ఉండేది. రెండు వైపులా కడ్డీల నుంచి పరదాలు వేలాడేవి. మధ్యాహ్నం వాలాక ఎండ వీధిలోంచి నేరుగా లోపలికి వచ్చి, ముందు వరుస పల్చటి బట్టల్లోంచి వడకట్టుకుని, వెనక గోడదాకా రంగునీళ్లలా పారేది. ఆ వేళ కొట్లో నడిచే మనుషులు చెరువు అడుగున నడుస్తున్నట్టు ఉండేవారు. ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గేవి. షావుకారు ఆ కాసేపు బేరాలు కూడా బావమరిదికి వదిలేసి, గల్లా దగ్గర గడ్డం చేతిమీద ఆనించుకుని చూస్తూ కూర్చునేవాడు. రోజంతటిలో లాభనష్టాలు లెక్కవేయని కాలం అదొక్కటే ఆయనకు.

అలాంటి వేళలోనే పడ్డాడు.

కొత్తగా వచ్చిన పల్చటి నీలం పరదాను పై కడ్డీకి తగిలించడానికి నిచ్చెన ఎక్కాడు. కొక్కేలు తగిలిస్తుండగా నున్నటి నేలమీద నిచ్చెన కాలు జారింది. ఆయన పడుతుంటే పరదా కూడా ఆయనతోపాటే వచ్చింది, తొందరేమీ లేనట్టు, గాలి నింపుకుంటూ. కుడిభుజం మీద పడ్డాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. పక్క కొట్లో ఎవరో కొలకర్ర విరగ్గొట్టారనుకున్నాడు. పరదా నెమ్మదిగా దిగి ఆయన్ని కప్పేసింది. లోకమంతా నీలంగా ఉంది. నొప్పి ఎక్కడో దూరపు వీధిలో ఉంది, ఇంటి గుర్తులు అడుక్కుంటూ వస్తోంది.

"బావా, ఏమైంది?" అని అరిచాడు బావమరిది, గుడ్డ కత్తిరిస్తూనే.

"చచ్చానురా!"

"అది సరే, చివరి మాట ఎంత?"

కొనడానికి వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. నీలం కింద నుంచి షావుకారుకు ఆ నవ్వు వినబడింది. రెండో మాట చెప్దామని నోరు తెరిచాడు, రాలేదు. బావమరిది కత్తెర గుడ్డ అంచుదాకా పోయి ఆగింది. ఇంకా రెండో మాట రాకపోయేసరికి వాడు వచ్చి పరదా ఎత్తి చూశాడు. భుజం ఉండాల్సిన చోట లేదు. మేడమీది ఇంటికేసి "అక్కా!" అని వాడు పెట్టిన కేకకు బజారంతా బయటికి వచ్చింది.

ఎముకల డాక్టరు నిదానస్తుడు. ఎదుటివాడి వృత్తి కనుక్కుని అందులోంచి చెప్పే మనిషి. "మీ కాలర్ బోన్ ఉంది చూశారూ, అది పరదా కడ్డీ అనుకోండి. చెయ్యంతా దాని చివర వేలాడుతూ ఉంటుంది. కడ్డీ చివర విరిగింది, గోడకు పట్టి ఉంచే కొక్కెం కూడా ఊడింది. రెండూ బిగించాలి" అన్నాడు. షావుకారుకు ఇట్టే అర్థమైంది. కోసి, ప్లేటు పెట్టి, మరలు బిగించి, కుట్టు వేశారు. కొన్ని వారాలు మెడకు వేలాడే పట్టీలో చెయ్యి పసిబిడ్డలా నిద్రపోయింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

పట్టీ తీసిన రోజున ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపే ముందు వేరే గదిలో కూర్చోబెట్టారు. చిన్న గది. తెల్లగోడలు, ఒక బల్ల, రెండు కుర్చీలు. కిటికీకి పరదా లేదు. అది చూడగానే షావుకారు ప్రాణం ఉసూరుమంది. బల్ల అవతల ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. భుజాలు, కాలర్ బోనులు విరిగినవాళ్లు వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, అవే మాటల్లో అడిగి జవాబులు రాసుకోవడం ఆవిడ పని. ఆసుపత్రిలో అందరూ ప్రశ్నలమ్మ అనేవారు.

"ఇందులో చదివి మీరే గుర్తులు పెట్టండి" అని కాగితాలు ముందుకు జరిపింది.

"కళ్లద్దాలు మరిచిపోయానమ్మా. మీరే చదవండి." కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. ఎదుటివాళ్ల ముఖం చూడకుండా అంకె చెప్పడం ఆయన పుట్టాక ఎరగడు.

ఆవిడ చదివింది. తల దువ్వుకోగలరా. చొక్కా తొడుక్కోగలరా. సంచి మోయగలరా. సంచి మోయగలరా. ఆ భుజం మీదికి తిరిగి పడుకోగలరా. నొప్పి ఏమీ లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది, మీకు ఎంత.

షావుకారు మనసు చకచకా లెక్క వేసింది. ఇక్కడ అమ్మేది ఎవరు? ఆసుపత్రి. సరుకు ఏది? నయం కావడం. అయితే కొనేది నేను. కొనేవాడు సరుకును మెచ్చుకున్నాడంటే మునిగినట్టే. "బాగానే ఉంది" అన్న మరుక్షణం వీళ్లు చేతులు దులుపుకుని తర్వాతివాణ్ణి పిలుస్తారు. ముక్కు చిట్లించాలి, పెదవి విరవాలి, ఇదేం బాగుచెయ్యడమండీ అనాలి. అప్పుడే ఇంకాస్త కొసరు వేస్తారు.

"దువ్వుకోలేను. తొడుక్కోలేను. అలమర మాట ఎత్తకండి. నొప్పంటారా, తొమ్మిది."

ఆవిడ రాసుకుంది.

"మామూలు భుజం నూరనుకుంటే, ఇవాళ మీ భుజానికి ఎంతిస్తారు?"

ఆ ప్రశ్న వినగానే ఆయనకు సొంతింటికి వచ్చినట్టయింది. ఇన్నాళ్లకు ఆసుపత్రిలో ఒకరు తన భాషలో మాట్లాడారు.

"పాతిక" అన్నాడు ముఖం ముడుచుకుని. ఇక ఆవిడ "అంత తక్కువేమిటండీ, పోనీ యాభై వేసుకుందాం" అనాలి. తను "నలభైకి మించి ఒప్పుకోను" అనాలి. నలభై అసలుకు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది.

ఆవిడ పాతిక అని రాసి కాగితాలు సర్దుకుంది.

"అంతేనా?" అన్నాడు షావుకారు.

"అంతేనండీ."

"మీరేమీ అనరా?"

"నేను తల ఊపినా, అయ్యో అన్నా మీ జవాబు మారిపోతుంది. అందుకే నన్ను గోడలా ఉండమన్నారు. మీరు ఏది చెబితే అదే."

బయటికి వచ్చాక షావుకారుకు ఎక్కడో చలి వేసింది. బజారులో బేరమాడకుండా కొనుక్కుపోయినవాడి వీపును చూస్తూ నిలబడ్డప్పుడు వేసే చలి అది.

తర్వాతిసారి మరీ జాగ్రత్తపడ్డాడు. పాతికకూ ఆవిడ బేరానికి దిగలేదంటే ఇంకా కిందినుంచి ఎత్తుకోవాలి. "పదిహేను" అన్నాడు. రాసుకుంది. ఆ పైసారి "చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందమ్మా, పది అనుకోండి" అన్నాడు. అదీ రాసుకుంది. అన్నాళ్లూ చెయ్యి మాత్రం తన దారిన తను కోలుకుంటూనే ఉంది. పొద్దున్నే తల దువ్వేది, గల్లా పెట్టె మూత ఎత్తేది, కొట్లో కోపమొస్తే బల్లను గుద్దేది కూడా.

నాలుగోసారి డాక్టరు ఎక్స్-రే ఫిల్మునూ ప్రశ్నలమ్మ కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎముక చక్కగా అతికింది. కానీ మీరు చెప్పిన అంకెలు వచ్చిన ప్రతిసారీ దిగుతున్నాయి. ఫిల్ములో ఎముక కనబడుతుంది గాని మీరు కనబడరు కదా. అందుకని నేను మీ మాటకే విలువిస్తాను. లోపల కీలు వదులుగా ఉండి ఇంత బాధపెడుతోందేమో. తెరిచి, తొడలోంచి తాడులాంటి ముక్క తీసి బిగించి కడతాను."

"మళ్లీ కోతా?" అన్నాడు షావుకారు.

"ఊరికే చెప్పడం లేదు. రెండోసారి తెరిస్తే కొందరికి చెయ్యి బిగుసుకుపోతుంది, భుజం దాటి పైకి లేవకపోవచ్చు. కానీ నూటికి పదితో బతకడం కంటే అదే నయం కదా?"

వచ్చే వారానికి రోజు ఖాయం చేశారు.

భార్యాభర్తలు ఇంటికొచ్చారు. మెట్లెక్కుతుంటే భార్య అడిగింది. "నిజం చెప్పండి. అంత నొప్పి ఉందా?"

"అంతేం లేదు."

"మరి పది అని ఎందుకు చెప్పారు?"

"ముందే బాగుందంటే మనల్ని పట్టించుకుంటారా? నీకు వ్యాపారం తెలీదు."

"నాకు తెలీదు సరే. తెలిసినవాళ్లు చేసిన వ్యాపారం చూస్తున్నాగా. బాగున్న చేతిని కోయించుకోవడానికి మీరే రోజు పెట్టుకొచ్చారు."

వెనకే సంచులు మోసుకొస్తున్న బావమరిది ఊరుకోలేదు. "పోన్లే అక్కా. ఇన్నేళ్ల తర్వాత బావ మొదటి మాటకే సరేననేవాళ్లు ఒకరు దొరికారు. అదేం తక్కువ అదృష్టమా!"

"నోరు ముయ్యరా. నువ్వు మొదటి మాటకు పరుగెత్తుకొచ్చి ఉంటే..." అని షావుకారు సగంలో ఆగిపోయాడు. ఎందుకంటే వాడి తప్పేమీ లేదు. పరుగెత్తుకురాకుండా ఉండడం వాడికి నేర్పింది తనే.

మర్నాడు పొద్దున్నే భార్యను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాడు. ప్రశ్నలమ్మ గది తలుపు తోసుకుని వెళ్లి, కూర్చోకుండానే "నూరు" అన్నాడు.

"ఏమిటండీ?"

"నూటికి నూరు. దువ్వుకుంటాను, తొడుక్కుంటాను, మోస్తాను, ఏం కావాలంటే అది ఎత్తుతాను. పాతవన్నీ కొట్టేసి ఇది రాయండి." ఆయన లెక్క ప్రకారం ఇప్పుడు అమ్మేది తను. అమ్మేవాడు సరుకును పొగడాలి.

ఆవిడ కలం మూత తీయలేదు. "రాయమంటే రాస్తాను. కానీ డాక్టరుగారు రెండూ చూస్తారు. నిన్నటిదాకా పది, ఇవాళ నూరు. కోతకు భయపడి చెప్పారనుకుంటారు. నేనైనా అదే అనుకుంటాను. ఈ రెంటిలో ఏది నమ్మమంటారు?"

షావుకారు భార్య ముందుకు వచ్చింది. "నేను చెబుతానమ్మా. దగ్గరుండి చూసేదాన్ని నేనేగా. ఈయనకు డెబ్భై వేసుకోండి, సరిపోతుంది."

"మీరు చూస్తారమ్మా. ఆయనకు తెలుస్తుంది. ఈ ప్రశ్నలన్నీ ఆయనకు తెలిసేదాని గురించే. మీ జవాబు ఎంత సరైనదైనా నేను రాసుకోకూడదు." షావుకారు వైపు తిరిగింది. "కోతకు ముందు ఎలాగూ ఇంకోసారి అడుగుతాను. ఆ రోజు మీరు ఏది చెబితే అది డాక్టరుగారికి చూపిస్తాను. నాకు బేరం చేయడం రాదండీ. మీకు ఎలా ఉందో ఇంటికెళ్లి చూసుకుని రండి."

చూసుకుని రండి. ఆ మాట పట్టుకుని తిరిగొచ్చాడు. చూసుకోవడానికి ఏముంది, చెయ్యి తనదే కదా అనుకున్నాడు. తీరా చూసుకోబోతే ఏమీ కనబడలేదు. ఎంత నొప్పి అని తన్ను తను అడిగితే వెంటనే ఒక అంకె వచ్చేది, అది మొదటి మాట. దాన్ని తోసేస్తే ఇంకోటి వచ్చేది, అది బేరం. దాన్నీ తోసేస్తే వెనక ఖాళీ. ఇన్నేళ్లూ తన రెండో మాట నిజమని ఊరంతా నమ్మింది, తనూ నమ్మాడు. ఆ రెండో మాటైనా ఎదుట ఎవరో ఒకరు నిలబడి లాగితేనే వచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర ఏ ధరా లేదు.

మధ్యాహ్నం కొట్టు వెనక, విప్పి పడేసిన పరదాల గుట్టమీద వాలాడు. ఎండ అప్పుడే లోపలికి దిగుతోంది. ఆకుపచ్చ మీంచి పసుపు, పసుపు మీంచి నీలం. కళ్లు మూతపడ్డాయో లేదో తెలియదు గాని, గల్లా అవతల ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే తన కుడిచెయ్యే. చొక్కా చెయ్యి తొడుక్కుని, గుండీ పెట్టుకుని, పెద్దమనిషిలా బల్లమీద మోచెయ్యి ఆనించి కూర్చుంది. తల లేదు, ముఖం లేదు. ముఖం లేనివాళ్లతో బేరం ఎలా అని షావుకారుకు కంగారు పుట్టింది.

"దయచెయ్యండి" అన్నాడు. "నొప్పి ఎంతలో ఉంది?"

"ఎప్పుడు?" అంది చెయ్యి.

"ఎప్పుడూ."

"ఎప్పుడూ అనే సరుకు మా దగ్గర లేదు. విడివిడిగా అడగండి."

ఆయన మొహమాటంగా అడిగాడు. చెయ్యి ఒక్కొక్క గుడ్డ చుట్ట దించి, బల్లమీద పరిచి, తనే కొలిచి చూపించింది. తల దువ్వేటప్పుడు బెత్తెడు. చొక్కా తొడిగేటప్పుడు జానెడు, అదీ పొద్దున పూటే, ఎండెక్కితే బెత్తెడికి దిగుతుంది. సంచి మోస్తే మూరెడు. ఊరికే కూర్చున్నప్పుడు ఏమీ లేదు, ఉత్త బల్ల. ఒక్కొక్క గుడ్డకు ఒక్కొక్క రంగు. ఆయన వేళ్లతో తడిమి చూశాడు. మూరెడుది ముతకగా ఉంది. బెత్తెడుది ఎంత పల్చన అంటే అవతల వీధి కనబడుతోంది.

"తలపైకి ఎత్తేటప్పుడు?"

చెయ్యి పరిచిన గుడ్డలు చుట్టేసింది. "అది నా సరుకు కాదు."

"మరెవరిది?"

"నీ దగ్గరే ఉంది. వెతుక్కో."

తగ్గించమని అడుగుదామనుకున్నాడు. అప్పటికే ఎండ వెనకగోడను తాకింది, చెయ్యి ఎప్పటిలా తన పక్కనే ఉంది, కాస్త తిమ్మిరెక్కి.

షావుకారు లేచాడు. నిలువు అద్దం ముందు నిలబడి చెయ్యి ఎత్తాడు. భుజందాకా హాయిగా లేచింది. ఆ పైన ఆగింది. ఆగినచోట నొప్పి ఉందా అని చూశాడు. కొత్తగా, పరాయి ఊళ్లో దారి చూసుకుంటున్నట్టు చూశాడు. నొప్పి లేదు. అరికాళ్లు మాత్రం చల్లబడ్డాయి. నేల పైకి లేచి వస్తున్నట్టు, నీలం దిగుతున్నట్టు ఉంది. ఎడమచేత్తో గోడ పట్టుకుని మళ్లీ ఎత్తాడు. గోడ పట్టుకున్నప్పుడు ఇంకాస్త లేచింది.

"ఏంటి బావా, అద్దానికి అమ్ముతున్నావా?" అన్నాడు బావమరిది గుమ్మంలోంచి.

"కొలుచుకుంటున్నానురా."

"ఎంతొచ్చింది?"

నాలుక చివరిదాకా వచ్చిన అంకెను షావుకారు మింగేశాడు. "ఇంకా కొలుస్తున్నా" అన్నాడు. బావమరిది ఆయన్ని వింతగా చూసి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయన నడక మారింది. ఏ పని చేసినా మధ్యలో ఆగి, లోపలికి చెవిపెట్టి, మళ్లీ సాగేవాడు. తాళం తిప్పి ఆగేవాడు. నీళ్లచెంబు ఎత్తి ఆగేవాడు. బేరం మధ్యలో భుజం తడుముకుంటూ తన్ను తను మరిచిపోయి నిలబడితే, కొనేవాళ్లు ఏదో పెద్ద నష్టానికి ఇస్తున్నాడనుకుని చప్పున ఒప్పేసుకునేవారు.

కోతకు ముందురోజు ప్రశ్నలమ్మ గదిలో కూర్చున్నాడు. భార్య బయట వరండాలో ఉంది. ఈసారి జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆవిడ కాగితాలు జరిపింది.

తానే చదువుకున్నాడు. దువ్వుకోవడం దగ్గర, కాస్త ఇబ్బంది. చొక్కా దగ్గర చాలాసేపు ఆగి, "పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి ఉంది. ఏది పెట్టమంటారు?" అన్నాడు.

"ఈ వారంలో మామూలుగా ఎలా ఉందో అది."

పెట్టాడు. సంచి దగ్గర ఎక్కువ ఇబ్బంది. అలమర దగ్గర కలం గాలిలో నిలబడింది.

"ఎత్తలేకపోతున్నానమ్మా. కానీ నొప్పి కాదు. భయం. ఎత్తితే పడిపోతున్నట్టు ఉంటుంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకే తెలీదు."

"ఎత్తడం కష్టమని పెట్టండి. భయమని పక్కన రాస్తాను. డాక్టరుగారికి అది ముఖ్యం."

తర్వాతి ప్రశ్న, ఆ భుజం మీదికి తిరిగి పడుకోగలరా. షావుకారు నవ్వాడు. "పడుకోగలను. పడుకోవడం లేదు."

ఆవిడ ఎందుకని అడగలేదు. అడగకూడదు. ఆయనే చెప్పాడు. "ఆ పక్కన మా ఆవిడ ఉంటుంది. మొదట్లో ఆ వైపు తిరిగితే మూలిగేవాణ్ణి. పగలంతా కొట్టూ ఇల్లూ నేనూ అన్నీ తనే మోసి పడుకునేది, నా మూలుగుకు లేచి కూర్చునేది. అందుకని గోడవైపు తిరిగాను. నొప్పి పోయింది గాని నేను ఇటు తిరగలేదు. ఇన్ని నెలలుగా గోడతోనే కాపురం. దీనికి ఎంత వెయ్యాలి?"

"దీనికి గడి లేదండీ" అంది ప్రశ్నలమ్మ. గోడలా ఉండాల్సిన ముఖంలో కిటికీ తెరుచుకున్నట్టయింది. వెంటనే మూసుకుని, నొప్పి దగ్గర ఆయన మూడు పెట్టాక చివరి ప్రశ్న చూపించింది.

నూటికి ఎంత.

ఆయన కిటికీలోంచి చూశాడు. పరదా లేని కిటికీలో ఉత్త ఆకాశం. ఎదుటివాళ్ల ముఖం చూడాలనిపించలేదు. పరిచిన గుడ్డలన్నీ మనసులోనే కలిపి చూసుకున్నాడు.

"అరవై అయిదు" అన్నాడు. చెప్పాక ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు, ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు. లోపల తక్కెడ ముల్లు ఊగి ఊగి ఆగినట్టు ఉంది.

డాక్టరు కాగితం చదివాడు. ఇంతకు ముందు వేసిన అంకెలకూ దీనికీ పొంతన లేదని ఆయనకూ తెలుసు. కానీ ఈసారి అంకె ఒక్కటే లేదు, ఎప్పుడు ఎంత, ఎక్కడ ఏమిటి అనేవి ఉన్నాయి. కాలర్ బోన్ చివర వేలితో గట్టిగా నొక్కాడు. చేతికి బరువు కట్టి ఇంకో ఫిల్ము తీయించాడు. వెనక నిలబడి, షావుకారు వీపుమీద అరచెయ్యి ఆనించి, "పట్టుకున్నాను, ఎత్తండి" అన్నాడు. చెయ్యి చెవి పక్కదాకా లేచింది. షావుకారే దాన్ని ఆశ్చర్యంగా చూశాడు, ఎవరి చెయ్యో అన్నట్టు.

"కీలు గట్టిగా ఉంది. కోయడానికి ఏమీ లేదు. రేపు రావద్దు. కసరత్తు నేర్పే ఆవిడ దగ్గరికి పంపిస్తాను, ముందు గోడ పట్టుకుని ఎత్తండి, తర్వాత వదిలి."

"నూరు వస్తుందా డాక్టరుగారూ?"

"రాదు. ఎనభై అయిదు దాకా రావచ్చు."

ఇంకాస్త వేసుకోండి అనే మాట షావుకారు నాలుకమీదికి వచ్చి కూర్చుంది. కాసేపు కూర్చుని దానంతటదే లేచిపోయింది. "ఈ ఆసుపత్రిలో ఒక సంగతి చూశానండీ" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ. "నేను పది అంటే ఇంతమంది పది అనే నమ్మారు. కోత గదిలో రోజు కూడా తీసిపెట్టారు. మా బజారులో నన్ను అట్లా ఎవరూ నమ్మలేదు." డాక్టరు కుట్టు మచ్చ చూసి బాగా మానిందన్నాడు.

వరండాలో బల్లమీద భార్య కూర్చుని ఉంది, ఒళ్లో సంచీతో. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది. ముఖం తెల్లబోయి ఉంది.

"కోత లేదు" అన్నాడు.

ఆమె మళ్లీ కూర్చుంది. కాసేపు పైటచెంగుతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయింది. "ఎంత చెప్పారు?"

"అరవై అయిదు."

"నేను డెబ్భై అనుకున్నాను."

"అయిదు నీకు కనబడనిచోట ఉందిలే."

"అబ్బో! సరే పదండి, బస్సు వచ్చే వేళయింది. తమ్ముడొక్కడే కొట్లో ఏం పాడు చేస్తున్నాడో."

షావుకారు కదల్లేదు. ఆమె పక్కనే కూర్చున్నాడు. వరండా చివరినుంచి ఎండ నెమ్మదిగా పాకి వస్తోంది. చేతులకు పట్టీలు కట్టుకున్న మనుషులు అందులోంచి తేలుతున్నట్టు నడిచిపోతున్నారు.

"నీకెలా ఉంది?" అన్నాడు.

"నాకేం? నేను బాగానే ఉన్నాను."

"ఎప్పుడు బాగుండదు?"

ఆమె ఆయన కేసి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖమంతా వెతికింది. "ఇదేం ప్రశ్నండీ?"

"ఊరికే కాదు. విడివిడిగా చెప్పు."

గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. ఇద్దరూ విన్నారు. ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అది అక్కడ ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

"పొద్దున మీ చొక్కా గుండీలు పెట్టేటప్పుడు..." అని మొదలుపెట్టింది.